సేద్యగాడికి పింఛను, పన్ను తగ్గింపు



ఈ రోజు ప్రసంగం విత్తనాలను గురించి కాదు, ఎరువులను గురించి కాదు. అరవై ఏళ్ళు నిండిన తరువాత సేద్యగాడు ఏమి తిని బతకాలి అన్నదాన్ని గురించి. స్వంత పని చేసుకొని జీవించేవారు వృద్ధాప్యం కొరకు చందా కట్టుకొనే పథకాలు ఏమేమి ఉన్నాయి, ఆ చందామీద ఆదాయపు పన్నులో ఎంత తగ్గింపు లభిస్తుంది, ఆ తగ్గింపు ఎవరికి పనికివస్తుంది, ఎవరికి పనికిరాదు అన్న విషయాలు మనవి చేస్తాను.

ఉద్యోగస్థుడికి ఫలానా తేదీన పదవీ విరమణ అని ముందుగానే తెలుసు. ఆ తేదీ తరువాత నెలనెలా ఎంతో కొంత వస్తుందనీ తెలుసు. రైతుకు పదవీ విరమణ లేదు. నడుము వంగినా, చూపు మందగించినా, మడి గట్టుమీద నిలబడవలసిందే. రైతు ఒక్కడే కాదు, వడ్రంగి, కమ్మరి, దర్జీ, తాపీ మేస్త్రీ, వీధి చివర కిరాణా కొట్టు పెట్టుకొన్నవాడు, ఆటో నడిపేవాడు, వీరందరిదీ ఇదే స్థితి. వీరికి యజమాని లేడు. యజమాని లేడు గనుక వీరి పేర యజమాని వాటా కట్టేవారూ లేరు.

“మాకు భూమి ఉంది గదండీ, అదే మా పింఛను” అని చాలామంది అంటారు. ఒకప్పుడు ఆ మాట చెల్లింది. ఇప్పుడు లెక్క చూడండి. ఆరు ఎకరాలున్న రైతుకు ముగ్గురు బిడ్డలు. పంపకాలైతే తలా రెండెకరాలు. ఆ రెండెకరాలమీద కొడుకు తన సంసారం ఈదాలి, పిల్లల చదువులు చూడాలి, తల్లిదండ్రుల మందులు కొనాలి. కొడుకు చెడ్డవాడు కాకపోయినా చాలదు. చాలనప్పుడు ఇంట్లో మాట పెరుగుతుంది. ముసలి తండ్రి కాఫీనీళ్ళకు కూడా ఒకరి చేయి చూడవలసి వస్తుంది. ఇది ఎవరి తప్పూ కాదు. భూమి పంచుకొనేకొద్దీ చిన్నదవుతుంది, ఖర్చులు మాత్రం ఏటేటా పెరుగుతాయి, అంతే.

మన దేశంలో ఈ విషయమై జరిగిన ఏర్పాట్లు ఒక్కసారి చూద్దాము. 1952లో ఉద్యోగుల భవిష్యనిధి చట్టం వచ్చింది. అది కర్మాగారాల్లో, సంస్థల్లో జీతానికి పనిచేసేవారికి. స్వంత పనివారు అందులో చేరే వీలు లేదు. 1968లో పబ్లిక్ ప్రావిడెంట్ ఫండు పెట్టారు. ఇందులో ఎవరైనా డబ్బు దాచుకోవచ్చును గాని అది పొదుపే, నెలనెలా వచ్చే పింఛను కాదు. 2004 నుండి కేంద్ర ప్రభుత్వంలో కొత్తగా చేరిన ఉద్యోగులకు నేషనల్ పెన్షన్ సిస్టం, అనగా ఎన్.పి.ఎస్., అమలులోకి వచ్చింది. 2009 మే 1వ తేదీ నుండి దానిని పౌరులందరికీ తెరిచారు. 2015లో అటల్ పెన్షన్ యోజన వచ్చింది. 2019 సెప్టెంబరు 12న, కేవలం చిన్న, సన్నకారు రైతుల కొరకు ప్రధానమంత్రి కిసాన్ మాన్‌ధన్ యోజన ప్రారంభమైంది. అంటే జీతగాడికి 1952లో దక్కినటువంటి ఏర్పాటు రైతు పేరు చెప్పి రావడానికి మరి 67 ఏళ్ళు పట్టింది. వచ్చిన తరువాతనైనా దానిని తెలుసుకొని వాడుకోవాలి గదా.

చందా కట్టేవారికి ప్రభుత్వం సహాయం చేసే మార్గాలు రెండు. మొదటిది, మీరు కట్టిన చందాను మీ ఆదాయంలో నుండి తీసివేసి, మిగిలినదానిమీదనే పన్ను వేయడం. రెండవది, మీరు ఒక రూపాయి కడితే ప్రభుత్వం తన వాటాగా మరొక రూపాయి కట్టడం. బజారులో ఎక్కువగా వినబడేది మొదటిదాన్ని గురించే. “పన్ను కలిసివస్తుందండీ, చేరండి” అని ఏజెంట్లు చెబుతారు. అయితే పన్ను కట్టేవాడికే గదా పన్ను కలిసివచ్చేది! కట్టవలసిన పన్ను సున్న అయినవాడికి, ఎంత మినహాయింపు ఇచ్చినా మిగిలేది సున్నే. ఈ ప్రసంగంలో మిగిలిందంతా మరచిపోయినా ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

ఇక రైతుకు పన్ను సంగతి. మన రాజ్యాంగం ప్రకారం వ్యవసాయాదాయంమీద పన్ను వేసే అధికారం కేంద్రానికి లేదు, అది రాష్ట్రాల పరిధిలోనిది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 10వ సెక్షను మొదటి క్లాజులోనే వ్యవసాయాదాయాన్ని మినహాయించారు. ఆ చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం చేసి, 2026 ఏప్రిల్ 1 నుండి అమలుకు తేదీ పెట్టారు. సెక్షన్ల నంబర్లు మారినవి గాని వ్యవసాయాదాయానికి మినహాయింపు అలాగే ఉన్నది. కాబట్టి వరి, పత్తి, మిరప, వేరుశనగ పండించి అమ్ముకొని, అదే జీవనాధారంగా ఉన్న రైతుకు ఆదాయపు పన్ను లేదు. పన్ను లేదు గనుక పింఛను చందామీద పన్ను తగ్గింపు అతనికి అక్కరకు రాదు.

అయితే రైతు ఇంటికి వచ్చే ప్రతి రూపాయీ వ్యవసాయాదాయం కాదు. పాలు అమ్మగా వచ్చినది, కోళ్ళ ఫారంమీద వచ్చినది, చేపల చెరువుమీద వచ్చినది చట్టం దృష్టిలో వ్యవసాయాదాయం కాదు. ట్రాక్టరును ఇతరులకు బాడుగకు తిప్పితే వచ్చే సొమ్ము కాదు. బియ్యపు మిల్లు, ఎరువుల దుకాణం, ధాన్యం కమీషను, బ్యాంకు వడ్డీ, ఇవేవీ కావు. నారుమడిలో మొక్కలు పెంచి అమ్మితే మాత్రం అది వ్యవసాయాదాయమే. ఈ తేడా తెలియక, “మేము రైతులం, మాకు పన్ను లేదు” అని పాల కేంద్రం లెక్కలనూ కోళ్ళ ఫారం లెక్కలనూ ఒకే సంచిలో వేసేవారున్నారు. అది మంచిది కాదు.

మరొక సూక్ష్మం కూడా ఉన్నది. 1972లో రాజ్ కమిటీ చేసిన సిఫారసును అనుసరించి, 1973 నుండి ఒక పద్ధతి వచ్చింది. ఒకరికి వ్యాపారం మీద పన్ను పరిమితికి మించిన ఆదాయం ఉండి, దానితోపాటు ఏడాదికి 5,000 రూపాయలకు మించి వ్యవసాయాదాయం కూడా ఉంటే, రెండింటినీ కలిపి చూసి రేటు నిర్ణయిస్తారు. పన్ను వ్యవసాయాదాయంమీద పడదు గాని వ్యాపారాదాయంమీద పడే రేటు పెరగవచ్చును. రెండు చేతులా సంపాదన ఉన్నవారు లెక్కలు తెలిసినవారిచేత ఒకసారి చూపించుకోవడం మంచిది.

పన్ను కట్టే స్వంత వృత్తిదారులకు ఉన్న తగ్గింపు ఏమిటో ఇప్పుడు చెబుతాను. ఎన్.పి.ఎస్.లో కట్టిన చందాను, మొత్తం ఆదాయంలో నూటికి 20 వంతుల వరకు, ఆదాయంలోనుండి తీసివేయవచ్చును. 2017 బడ్జెటుకు ముందు ఇది నూటికి 10 వంతులే. జీతగాడికి యజమాని వాటా ఉంటుంది, వీరికి ఉండదు కాబట్టి వీరికి హెచ్చించారు. అయితే దీనికి ఒక గరిష్ఠ హద్దు ఉన్నది. జీవిత బీమా, పబ్లిక్ ప్రావిడెంట్ ఫండు మొదలైనవాటితో కలిపి అన్నీ ఒక లక్షా యాభై వేలకు మించరాదు. ఇది గాక, ఎన్.పి.ఎస్. చందాకు మాత్రమే వేరుగా మరొక 50,000 రూపాయల తగ్గింపును 2015లో ఇచ్చారు. 1961 చట్టంలో 80సిసిడి అని వాడుకలో ఉన్న సెక్షను ఇదే.

ఇంతవరకు బాగానే ఉన్నది. కాని ఈ తగ్గింపులన్నీ పాత పన్ను పద్ధతిని ఎంచుకొన్నవారికే. 2023-24 ఆర్థిక సంవత్సరం నుండి, ఎవరూ ఏమీ చెప్పకపోతే కొత్త పద్ధతే వర్తిస్తుంది. కొత్త పద్ధతిలో రేట్లు తక్కువ, కాని స్వంత వృత్తిదారుడు కట్టే పింఛను చందాకు తగ్గింపు లేదు.

ఒక లెక్క వేసి చూద్దాము. భూమి లేని ఒక మోటారు మెకానిక్కు ఉన్నాడనుకొందాము. వయస్సు అరవై లోపు. ఖర్చులు పోను 2025-26లో అతని ఆదాయం 5,40,000 రూపాయలు. పాత పద్ధతిలో పన్ను 20,500, దానిమీద సెస్సు నూటికి 4 వంతున 820, మొత్తం 21,320 రూపాయలు. అతడు ఎన్.పి.ఎస్.లో 50,000 కడితే ఆదాయం 4,90,000కు దిగుతుంది. పాత పద్ధతిలో 5 లక్షల లోపు ఆదాయానికి రిబేటు ఉన్నది కాబట్టి పన్ను పూర్తిగా పోతుంది. “చూశారా, 21,320 మిగిలింది” అని ఏజెంటు చెప్పే మాట ఇదే. అది అబద్ధం కాదు. కాని అదే మెకానిక్కు కొత్త పద్ధతిలో ఉంటే, 2025-26లో 12 లక్షల వరకు ఉన్న ఆదాయానికి రిబేటు ఉన్నది కాబట్టి, ఒక్క రూపాయి చందా కట్టకపోయినా అతని పన్ను సున్న. అంటే ఆ చందావల్ల అతనికి పన్నులో కొత్తగా మిగిలింది ఏమీ లేదు.

“అయితే చందా కట్టవద్దంటారా?” అని అడుగుతారేమో. కట్టమనే చెబుతాను. వృద్ధాప్యం కొరకు కట్టమంటాను, పన్ను కొరకు కాదు. పన్ను కొరకు కట్టేవాడు పన్ను లేని ఏడు మానేస్తాడు. వృద్ధాప్యం కొరకు కట్టేవాడు మానడు. ఆదాయం ఎక్కువగా ఉండి, ఇంటి అప్పు వడ్డీ, బీమా మొదలైన తగ్గింపులు చాలా ఉన్నవారు మాత్రం రెండు పద్ధతులలోనూ లెక్క వేయించుకొని ఏది మేలో చూసుకోవచ్చును. వ్యాపారం ఉన్నవారు ఇక్కడ ఒక జాగ్రత్త పడాలి. జీతగాళ్ళవలె ఏటేటా ఈ పద్ధతినుండి ఆ పద్ధతికి మారే స్వేచ్ఛ వీరికి లేదు. పాతదానిలోకి వెళ్ళి, తిరిగి కొత్తదానిలోకి రావడం ఒక్కసారే.

మరొక మాట. చందా కట్టేనాడు పన్ను తగ్గినా, అరవై ఏళ్ళ తరువాత వచ్చే పింఛను ఆ సంవత్సరపు ఆదాయంగా లెక్కకు వస్తుంది. కాబట్టి ఈ తగ్గింపును పన్ను మాఫీ అనుకోరాదు, కొంతవరకు వాయిదా అనుకోవాలి.

ఇక రెండవ మార్గానికి వద్దాము. పన్ను కట్టని సామాన్య రైతుకు నిజంగా పనికివచ్చేది ఇదే.

ప్రధానమంత్రి కిసాన్ మాన్‌ధన్ యోజనలో చేరడానికి వయస్సు 18కి తక్కువ ఉండరాదు, 40కి మించరాదు. సాగుభూమి రెండు హెక్టార్లకు మించరాదు. మన లెక్కలో 4 ఎకరాల 94 సెంట్లు, తెలంగాణలో చెప్పుకొనే లెక్కలో 4 ఎకరాల 37 గుంటల పైచిలుకు. చేరిన వయస్సును బట్టి నెలకు 55 రూపాయలు మొదలు 200 రూపాయల వరకు చందా. మీరు ఎంత కడితే కేంద్ర ప్రభుత్వం అంతే మొత్తం మీ పేర జమ చేస్తుంది. అరవై నిండిన తరువాత నెలకు 3,000 రూపాయలు పింఛను. ఈ నిధిని జీవిత బీమా సంస్థ నిర్వహిస్తున్నది.

చందా పట్టిక కొంచెం వినండి. 18వ ఏట చేరితే నెలకు 55 రూపాయలు. 25వ ఏట చేరితే 80. 30వ ఏట 105. 35వ ఏట 150. 40వ ఏట 200. ఒకసారి నిర్ణయమైన చందా అరవై దాకా అదే. 25వ ఏట చేరినవాడు 35 ఏళ్ళు కడతాడు. నెలకు 80 చొప్పున మొత్తం 33,600 రూపాయలు. 40వ ఏట చేరినవాడు 20 ఏళ్ళే కడతాడు. నెలకు 200 చొప్పున 48,000. ఇద్దరికీ పింఛను మాత్రం ఒకటే, 3,000 రూపాయలు. పదిహేనేళ్ళు ఎక్కువకాలం కట్టినవాడికి మొత్తం ఖర్చు తక్కువ, ఆలస్యంగా వచ్చినవాడికి ఎక్కువ. ఎందుకని? ముందుగా వేసిన రూపాయికి పెరగడానికి వ్యవధి ఉన్నది. అదనులో విత్తినవాడికి తక్కువ విత్తనంతో మొలక నిండుగా వస్తుంది. అదను దాటాక విత్తనం మోతాదు పెంచవలసి వస్తుంది. రైతుకు ఇంతకంటె విడమర్చి చెప్పనక్కరలేదు.

41వ ఏడు వచ్చిన తరువాత ఈ పథకంలో ఎంత పెంచి కడతానన్నా తీసుకోరు. తలుపు మూసినట్లే. అందుచేత ఇంట్లో 37, 38 ఏళ్ళవారు ఎవరైనా ఉంటే ఈ సీజను దాటకుండా చూసుకోవాలి. ఆధార్ కార్డులో ఉన్న పుట్టిన తేదీనే లెక్కలోకి తీసుకొంటారు. ఆ కార్డులో సంవత్సరం తప్పుపడి ఉంటే ముందు దానిని సరిచేయించుకోవాలి.

చేరడానికి ఊరిలోని కామన్ సర్వీస్ సెంటరుకు ఆధార్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, భూమి కాగితాలు తీసుకొని వెళ్ళాలి. చందాను పి.ఎం. కిసాన్ కింద వచ్చే సొమ్ములోనుండే మళ్ళించుకొనే వీలు కూడా ఉన్నది. ఆ పథకం కింద ఏడాదికి 6,000 రూపాయలు మూడు కిస్తులుగా వస్తాయి గదా. 25 ఏళ్ళవాడికి ఏడాది చందా 960 రూపాయలు, 40 ఏళ్ళవాడికి 2,400. చేతినుండి వేరే తీయకుండానే చందా జరిగిపోతుంది.

పింఛను తీసుకొంటూ రైతు చనిపోతే, భార్యకు, లేదా చందాదారు స్త్రీ అయితే భర్తకు, సగం పింఛను, అనగా నెలకు 1,500 రూపాయలు వస్తాయి. అరవై నిండకముందే చనిపోతే మిగిలినవారు చందా కొనసాగించవచ్చును, లేదా కట్టినది వడ్డీతో తీసుకోవచ్చును. భార్య పేర కూడా భూమి ఉంటే ఆమె వేరుగా చేరవచ్చును. అప్పుడు ఇంటికి రెండు పింఛన్లు. మధ్యలో మానుకోదలచినవారికి తమ వాటా వడ్డీతో తిరిగి వస్తుంది, సర్కారు వాటా రాదు.

ఎవరికి వీలులేదో కూడా చెప్పాలి. ఎన్.పి.ఎస్., ఉద్యోగుల భవిష్యనిధి, ఇ.ఎస్.ఐ. కిందకు వచ్చేవారు, ఆదాయపు పన్ను కట్టేవారు ఇందులో చేరరాదు. చూశారా, ఒకరికి పన్ను తగ్గింపు, మరొకరికి సర్కారు వాటా. ఒకే మనిషికి రెండూ దొరకవు. ఎవరు ఏ గట్టున ఉన్నారో తేల్చుకొని ఆ దారిన పోవాలి.

ఇక కౌలు రైతు సంగతి. ఈ పథకానికి భూమి రికార్డులో పేరుండాలి. పథకం ప్రారంభంలో 2019 ఆగస్టు 1వ తేదీ నాటి రికార్డును ఆధారంగా పెట్టారు. ఆ తరువాత పేరు మార్పిడి జరిగినవారు ముందుగా విచారించుకోవాలి. పదెకరాలు కౌలుకు చేస్తున్నా స్వంతంగా సెంటు భూమి లేనివాడికి ఇందులో చోటు లేదు. ఇది పెద్ద లోటే. మట్టిలో దిగి చెమటోడ్చే మనిషి ఒకరు, కాగితంమీద పేరున్న మనిషి మరొకరు అయినచోట, పింఛను కాగితం వెంట పోతుంది. కౌలుదారులు, వ్యవసాయ కూలీలు దీనితో నిరాశపడి ఊరుకోరాదు. వారికి మరి రెండు దారులున్నాయి.

ఒకటి, 2019లోనే వచ్చిన శ్రమయోగి మాన్‌ధన్. నెలకు 15,000 రూపాయలకు మించని ఆదాయం గల అసంఘటిత కార్మికులకు ఇది ఉద్దేశించబడింది. వయస్సు, చందా, సర్కారు వాటా, 3,000 పింఛను, అన్నీ రైతు పథకంలో ఉన్నట్లే. భూమి కాగితం అక్కరలేదు.

రెండవది అటల్ పెన్షన్ యోజన. దీనికి కూడా వయస్సు 18 నుండి 40. బ్యాంకులోగాని పోస్టాఫీసులోగాని పొదుపు ఖాతా ఉంటే చాలు. నెలకు 1,000 మొదలు 5,000 రూపాయల వరకు ఎంత పింఛను కావాలో మనమే కోరుకోవచ్చును. ఆ మొత్తానికి ప్రభుత్వం హామీ ఉన్నది. నెలకు 5,000 పింఛను కోరేవాడు 18వ ఏట చేరితే నెలకు 210 రూపాయలు, 25వ ఏట 376, 30వ ఏట 577, 35వ ఏట 902, 40వ ఏట 1,454 కట్టాలి. 1,000 రూపాయల పింఛనుకైతే 18వ ఏట 42 రూపాయలు, 40వ ఏట 291. చందాను నెలకొకసారి గాని, మూడు నెలలకు గాని, ఆరు నెలలకు గాని కట్టవచ్చును. రైతుకు పంట చేతికి వచ్చేది ఖరీఫుకు ఒకసారి, రబీకి ఒకసారి కాబట్టి ఆరు నెలల కిస్తు అనువుగా ఉంటుంది. చందాదారు తరువాత భార్యకు లేక భర్తకు అదే పింఛను పూర్తిగా వస్తుంది. ఇద్దరూ గతించిన తరువాత నిధి వారసునికి చేరుతుంది. 5,000 పింఛనుకు ఆ నిధి 8 లక్షల 50 వేలు.

అయితే అటల్ పథకంలో కూడా 2022 అక్టోబరు 1 నుండి ఆదాయపు పన్ను కట్టేవారిని కొత్తగా చేర్చుకోవడం మానివేశారు. అంతకు ముందు చేరినవారికి అడ్డులేదు.

నలభై దాటినవారు ఏమి చేయాలి? వారికి ఎన్.పి.ఎస్. ఉన్నది. అందులో సర్కారు వాటా లేదు, ఫలానా పింఛను అన్న హామీ కూడా లేదు. సొమ్మును షేర్లలో, బాండ్లలో పెడతారు. పెరిగినంత పెరుగుతుంది, ఒక్కొక్క ఏడు తగ్గవచ్చును. చివరకు నిధిలో కొంత చేతికి ఇచ్చి, కొంతతో పింఛను కొనిపిస్తారు. నిధి మరీ చిన్నదైతే అంతా ఒకేసారి తీసుకోవచ్చును. పబ్లిక్ ప్రావిడెంట్ ఫండు కూడా ఉన్నది. పదిహేనేళ్ళ గడువు, ఏడాదికి 500 రూపాయలకు తగ్గకుండా, లక్షా యాభై వేలకు మించకుండా కట్టవచ్చును. 45 ఏళ్ళ రైతు దానిలో వేస్తే అరవైకి చేతికి వస్తుంది.

కొందరు మరొక ప్రశ్న వేస్తారు. “ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి వృద్ధులకు నెలకు 4,000 ఇస్తున్నారు గదా, 3,000 కొరకు మేమెందుకు కట్టాలి?” అని. సబబైన ప్రశ్నే. వృద్ధాప్య పింఛను పేదవారికి గొప్ప ఆధారం, అర్హులైనవారు తప్పక తీసుకోవాలి. కాని దానికి భూమి హద్దు ఉన్నది, ఆదాయపు హద్దు ఉన్నది. మీకు అరవై వచ్చేనాటికి ఆ నిబంధనలు ఎలా ఉంటాయో నేడు ఎవరు చెప్పగలరు? అది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది. చందా పింఛనులో మీ సొమ్ము ఉన్నది, మీ పేర ఖాతా ఉన్నది, కాబట్టి అది మీ హక్కు.

ఉన్నదున్నట్లు మరొక నిజం కూడా చెప్పాలి. ఈ 3,000 గాని, 5,000 గాని ధరలతోపాటు పెరిగేవి కావు. ధరలు ఏడాదికి నూటికి 5 చొప్పున పెరుగుతూ పోతే, ముప్పై ఏళ్ళ తరువాత 3,000 రూపాయలు కొనగలిగేది నేడు సుమారు 700 రూపాయలు కొనేంత మాత్రమే. కాబట్టి ఈ పింఛనుతో ఇల్లంతా గడుస్తుందని ఎవరూ ఆశపడరాదు. మందులకు, పాలకు, మనవడి చేతిలో ఒక రూపాయి పెట్టడానికి అది ఆధారం. మొదట దీనిని కుదుర్చుకొని, చేతికి కాస్త ఎక్కువ అందిన ఏడు మరొక పొదుపు కూడా చేసుకోవాలి. పంట పండిన ఏడు పుట్టికి ఒక బస్తా చొప్పున పక్కన పెట్టడం మన పెద్దలకు తెలియని విద్య కాదు.

విస్తరణ సిబ్బందికి నాలుగు మాటలు మనవి చేసి ముగిస్తాను. మీ గ్రామంలో 35 నుండి 40 ఏళ్ళ మధ్య ఉన్న సేద్యగాళ్ళ జాబితా ముందుగా తయారుచేయండి, వారికే గడువు దగ్గర పడుతున్నది. ఆ తరువాత 18 నుండి 25 వరకు ఉన్నవారిని కలవండి, వారికే చందా చౌక. ఒక్కొక్కరినీ మూడు ప్రశ్నలు అడగండి: వయస్సెంత, భూమి ఎవరి పేర ఉన్నది, ఆదాయపు పన్ను కడుతున్నారా. ఈ మూడింటికి జవాబు తెలిస్తే ఏ పథకమో తేలిపోతుంది. చేరినవారి ఖాతాలో చందా పట్టే రోజున సొమ్ము ఉన్నదా అని గుర్తుచేయండి. ఖాతాలో సొమ్ములేక చందాలు ఆగిపోతే, చేరినా ఫలితం లేదు. నామినీ పేరు రాయించారా అని చూడండి. ముఖ్యంగా స్త్రీలను విడిచిపెట్టకండి. కలుపు తీసేది, నాట్లు వేసేది వారే. చాలా ఇళ్ళలో భర్త పోయిన తరువాత ఏళ్ళ తరబడి ఒంటరిగా బతికేదీ వారే.

రైతు సోదరులారా, పన్ను తగ్గుతుందా లేదా అన్నది వ్యాపారం ఉన్నవారు వేసుకోవలసిన లెక్క. మీరు వేసుకోవలసిన లెక్క వయస్సుది. ఈ రాత్రి ఇంట్లో అందరి ఆధార్ కార్డులూ తీసి, పుట్టిన సంవత్సరాలు చూడండి. నలభై లోపువారు ఎందరున్నారో లెక్కపెట్టండి. రేపు ఉదయం వారిని వెంటబెట్టుకొని కామన్ సర్వీస్ సెంటరుకు గాని, బ్యాంకుకు గాని వెళ్ళండి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న మాట మనది.